ఇంజిన్ మార్చాక ఏసీ మొరాయిస్తోందా? గ్యాస్ నింపితే సరిపోదు

పాత ఇంజిన్ తీసి మరొకటి అమర్చిన తర్వాత కారు సాఫీగా నడిచినా, ఏసీ చల్లదనం తగ్గడం తరచూ ఎదురయ్యే సమస్య. ‘గ్యాస్ తగ్గింది’ అంటూ మళ్లీ నింపించుకుంటే కొద్ది వారాలకే పరిస్థితి మొదటికొస్తుంది. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. గ్యాస్‌తో పాటే నూనె కూడా తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ తగ్గితే నూనె అందక కంప్రెసర్ బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

లోపం ఎక్కడ?

ఇంజిన్ దించేటప్పుడు విప్పిన గొట్టాల చివరలను మూయకపోతే గాలిలోని తేమ లోపలికి చేరుతుంది. అది ఆమ్లాలు ఏర్పడేందుకు దారితీసి లోహ భాగాలను దెబ్బతీస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ వద్ద మంచుగా గడ్డకట్టి ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. పాత ఓ-రింగులనే మళ్లీ బిగించడం, కంప్రెసర్ పుల్లీ బెల్టు వరుసలో లేకపోవడం, గొట్టాలు ఇంజిన్‌కు ఒరుసుకోవడం ఇతర కారణాలు.

సరిచేసే క్రమం

మిగిలిన గ్యాస్‌ను ముందుగా యంత్రంతో వెలికితీయించాలి. కార్లలో విస్తృతంగా వాడే ఆర్-134ఏ భూతాపాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా పెంచుతుంది కనుక దానిని గాల్లోకి వదలరాదు. విప్పిన ప్రతి అతుకు వద్ద ఓ-రింగును, తేమను పీల్చే రిసీవర్ డ్రయర్‌ను మార్చాలి. నైట్రోజన్‌తో లీకేజీ పరీక్షించాక, కనీసం 30 నిమిషాలు వ్యాక్యూమ్ పంపు నడపాలి. ఆ అల్ప పీడనంలో తేమ ఆవిరై బయటకు పోతుంది. పంపు ఆపాక మీటరు ముల్లు కదలకుండా నిలిస్తేనే గ్యాస్ నింపాలి. అదీ అంచనాతో కాక, తూకం వేసి. ఎన్ని గ్రాములు నింపారో బిల్లుపై రాయించుకోవడం మేలు.