కోతలకెళ్తే... బడి ఏమైపోతుంది?

సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే పల్నాడు చేలు ఎర్రబారతాయి. మిరప కోతలు మొదలవుతాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి లారీల్లో, ఆటోల్లో, రైళ్లలో కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. బియ్యం మూట, వంటసామాను, దుప్పట్లు... వాటి మధ్య పిల్లలు. చేను పక్కన నాలుగు కర్రలు పాతి పట్ట కప్పితే అదే ఇల్లు. అమ్మానాన్నలు సాళ్లలోకి దిగితే పెద్దపిల్ల చంటిబిడ్డను చంకనేసుకుంటుంది. కాస్త ఊహ తెలిసిన పిల్లాడు తానూ ఓ సంచి పట్టుకుంటాడు. కోసిన కాయల తూకాన్ని బట్టే కూలి అయినప్పుడు ఆ చిన్నచేతులకీ విలువ ఉంటుంది మరి!

సొంతూళ్లో బడి రిజిస్టరులో మాత్రం ఆ పేర్ల ఎదుట వరసగా 'ఆబ్సెంట్'.

చిక్కంతా క్యాలెండర్‌లోనే ఉంది. మన బళ్లు జూన్‌లో తెరుచుకుని ఏప్రిల్‌లో మూతపడతాయి. పత్తి తీతలు సంక్రాంతి దాకా సాగితే, మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ వరకూ ఉంటాయి. సరిగ్గా పరీక్షలు ముంచుకొచ్చేవేళకే వలస. తిరిగొచ్చేసరికి వేసవి సెలవులు. జూన్‌లో పైతరగతిలో కూర్చుంటే, మధ్యలో పోయిన పాఠాలు ఎవరు చెప్పాలి? రెండేళ్లు ఇలాగే గడిస్తే, మూడో ఏడు ఆ పిల్ల బడి మెట్లెక్కదు.

చదువుల్లో మేటి ఎవరంటే అందరూ ఫిన్లాండ్ పేరే చెబుతారు. కానీ అక్కడి పిల్లలు కోతలకు వెళ్లరు. మనం చూడాల్సింది మనలాంటి చిక్కునే ఎదుర్కొన్న దేశాలను. ఒక్కొక్కరిదీ ఒక్కో దారి.

బడికే తాళం

ఉజ్బెకిస్థాన్‌ది మరీ విచిత్రం. ఏటా పత్తి తీతల వేళకి అక్కడి ప్రభుత్వమే విద్యార్థుల్నీ టీచర్లనీ చేలకు తోలేది. సోవియట్ కాలం నాటి ఆ అలవాటు స్వాతంత్ర్యం వచ్చాకా పోలేదు. చివరికి పెద్దపెద్ద దుస్తుల కంపెనీలు ఆ దేశపు పత్తి కొనేది లేదని భీష్మించాయి. 2012 నుంచి చిన్నపిల్లల్ని పంపడం తగ్గించారు. వ్యవస్థీకృతంగా సాగిన బాలకార్మికత, బలవంతపు చాకిరీ ముగిశాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. అదే నెలలో బహిష్కరణా ఎత్తేశారు. పిల్లల్ని పంపిన ప్రభుత్వమే వెనక్కి పిలిచింది. పత్తి పండటం మాత్రం ఆగలేదు!

అమ్మ చేతికి డబ్బు

'పిల్లాడి కూలి పోతుందనే కదా బడి మాన్పిస్తున్నారు... ఆ డబ్బేదో మేమే ఇస్తాం' అన్నాయి బ్రెజిల్, మెక్సికో. బ్రెజిల్‌లో 1995లో రెండు నగరాల్లో మొదలైన 'బోల్సా ఎస్కోలా' 2001లో దేశమంతటికీ విస్తరించింది. మెక్సికో 1997లో 'ప్రోగ్రెసా' తెచ్చింది. డబ్బు తల్లి చేతికే ఇచ్చేవారు. పిల్లలు బడికి వెళ్లాలన్నది షరతు. హైస్కూలు ఆడపిల్లలకు మగపిల్లలకన్నా ఎక్కువ ఇచ్చారు. దాంతో చేరికలు పెరిగాయి. కానీ పరీక్షల్లో ప్రతిభ ఆ మేరకు పెరగలేదు. పిల్లల్ని బడిదాకా రప్పించగలిగిన డబ్బు పాఠం చెప్పలేదుగా!

మన దగ్గరా 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం వచ్చాయి. అమ్మఒడికి పెట్టిన షరతు 75 శాతం హాజరు. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 55 రోజులకు మించి మానకూడదు. సంక్రాంతికి వెళ్లి ఏప్రిల్ ఆఖరుకు తిరిగొచ్చే పిల్లకు అంతకన్నా ఎక్కువే పోతాయి. డబ్బు అందరికన్నా అవసరమైన ఇంటికే ఆ లెక్క అడ్డం!

పంటను బట్టి గంట

కొలంబియా కాఫీ తోటల్లోనూ ఇదే కథ. 1970ల్లో అక్కడ 'ఎస్క్యులా న్యూవా'... అంటే కొత్త బడి మొదలైంది. పాఠాలన్నీ చిన్నచిన్న పుస్తకాలుగా విడగొట్టారు. ఎవరి వేగం వాళ్లది. కోతలకెళ్లిన పిల్లాడు వచ్చి, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. 'ఫెయిల్' అన్న మాట వినక్కర్లేదు.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1985లో 22 బళ్లతో మొదలుపెట్టింది. ఒకే గది, ముప్పైమందికి కాస్త అటూఇటూగా పిల్లలు, పాఠం చెప్పడానికి ఎక్కువగా ఆ ఊరి మహిళే. బడి వేళలు తల్లిదండ్రులతో మాట్లాడి పెట్టారు. తర్వాత ఆ బళ్లు వేలల్లోకి పెరిగాయి.

పిల్లల వెంటే చదువు

అమెరికాలోనూ పంటల వెంట తిరిగే కూలీలున్నారు. వాళ్ల పిల్లల కోసమే 1966లో ఓ ప్రత్యేక పథకం పెట్టారు. వేసవిలోనూ పాఠాలు చెబుతారు. ఆ పిల్ల ఏం చదివింది, ఏ టీకాలు వేయించుకుంది అన్న వివరాలు కంప్యూటర్లో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లిపోతాయి. కొత్త ఊరి టీచరు మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాల్సిన పనిలేదు.

మరి మన దగ్గర?

ఏమీ లేదనడానికి లేదు. వలసలు ఎక్కువగా ఉండే ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అమ్మానాన్నలు కోతలకెళ్లినా పిల్లలు సొంతూళ్లోనే తిని చదువుకోవచ్చు. కానీ పదేళ్ల కూతుర్ని నాలుగు నెలలు వదిలి వెళ్లడానికి ఏ తల్లికైనా మనసొప్పాలిగా! పైగా చంటిబిడ్డను చూసుకునేది ఆ కూతురే.

బడుల భవనాలు బాగుచేసే 'నాడు-నేడు' 2019 నవంబరు 14న ఒంగోలులోనే మొదలైంది. గోడలకు రంగులొచ్చాయి, బెంచీలొచ్చాయి. క్యాలెండర్ మాత్రం కదల్లేదు.

నిజానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం చూడండి. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చుకోవడం స్థానిక సంస్థల బాధ్యత అంటుంది తొమ్మిదో సెక్షన్. విద్యా క్యాలెండర్ నిర్ణయించే పనీ వాటికే అప్పగించింది. టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకపోవడం కుదరదంటుంది అయిదో సెక్షన్. వెనకబడిన పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా ఉంది. కొలంబియా చేసినదీ, అమెరికా చేసినదీ మన చట్టంలో ముందే రాసిపెట్టినట్టే!

చేను పక్కన గుడారం వేసుకున్న కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో కోతలకు పిలిపించిన రైతుకు తెలుసు, తీసుకొచ్చిన ముఠా మేస్త్రీకి తెలుసు. ఆ ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం వండుతారు, బెంచీలూ ఉంటాయి. తెలియాల్సిందల్లా హెడ్‌మాస్టారికే. ఈ సంక్రాంతికి లారీ దిగగానే మేస్త్రీ కూలీల పేర్లు రాసుకుంటాడు. ఆ వెనకే మరొకరు వచ్చి పిల్లల పేర్లూ రాసుకుంటే చాలు.