ఆండ్రాయిడా, ఐఫోనా, బటన్ ఫోనా?

స్మార్ట్‌ఫోన్‌ను నడిపేది దాని ఆపరేటింగ్ సిస్టమ్. ఇవాళ షాపులో దొరికే స్మార్ట్‌ఫోన్లలో దాదాపు అన్నీ రెండు వర్గాలవే. ఒకటి గూగుల్ ఆండ్రాయిడ్, రెండోది యాపిల్ ఐఫోన్లలో మాత్రమే ఉండే ఐఓఎస్. ఒకప్పుడు నోకియా సింబియన్, బ్లాక్‌బెర్రీ, మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ కూడా పోటీలో ఉండేవి. వాటిలో విండోస్ ఫోన్ వాడకానికి ఇబ్బందేమీ లేనిది. తెర మీద పెద్ద పెద్ద పలకలతో కొత్తవారికి కూడా తేలిగ్గా అలవాటయ్యేది. యాప్‌లు తయారుచేసేవాళ్లే దాన్ని పట్టించుకోలేదు. 2019 ఆఖరుకి దానిలో వాట్సాప్ కూడా ఆగిపోయాక, భేషుగ్గా పనిచేస్తున్న లూమియా విండోస్ ఫోన్లు సొరుగుల్లోకి చేరాయి. బ్యాంకు, యూపీఐ, వాట్సాప్, పిల్లల బడి యాప్ నడవని స్మార్ట్‌ఫోన్ ఎంత అందమైనదైనా దండగే.

ఆండ్రాయిడ్ మూల కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోగలిగినది. సామ్‌సంగ్, షావోమీ, వివో వంటి కంపెనీలు దానికి తమ తొడుగు తొడిగి అమ్ముతాయి. అందుకే ఒక ఆండ్రాయిడ్ ఫోన్ వాడినవారికి మరో కంపెనీ ఫోన్‌లో సెట్టింగులు వెంటనే దొరకవు. చవక మోడళ్లలో కొన్ని అడగని యాప్‌లతో, ప్రకటనలతో నిండి వస్తాయి. ఐఫోన్‌లో తయారీ, సాఫ్ట్‌వేర్, యాప్ స్టోర్ అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉంటాయి. ఏ మోడల్ కొన్నా మెనూలు ఇంచుమించు ఒకటే. నచ్చినట్టు మార్చుకునే స్వేచ్ఛ మాత్రం తక్కువ.

ఆ స్వేచ్ఛ వరమా, బెడదా అన్నది వాడే మనిషిని బట్టి ఉంటుంది. ఫోన్ బాగోగుల్లో ఎంత భాగం తాను చూసుకోగలడు, ఎంత కంపెనీకి వదిలేయాలి అన్నదే కొనేవారు ముందు తేల్చుకోవాల్సిన సంగతి. ఉదాహరణకు ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) మోసం. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో ఒక ఫైలు వస్తుంది. నొక్కితే, ఇలా బయటి నుంచి వచ్చిన యాప్‌కు అనుమతి లేదని ఆండ్రాయిడ్ హెచ్చరిస్తుంది. కిందే సెట్టింగ్స్ బటన్ కూడా ఉంటుంది. అక్కడ ఒక మీట జరిపితే యాప్ ఎక్కేస్తుంది. తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. అదీ ఇస్తే ఓటీపీలన్నీ దొంగ చేతికి పోతాయి. మీట దగ్గర ఆగే అలవాటున్నవారికి ఆండ్రాయిడ్‌తో బెంగ లేదు. వచ్చిన ప్రతిదానికీ ‘ఓకే’ కొట్టేవారికి ఐఫోన్ నయం. మన దేశంలో అమ్మే ఐఫోన్‌లో ఆ మీటే లేదు. అలాగని ఫోన్‌లో మాటలతో బోల్తా కొట్టించి ఓటీపీ చెప్పించుకునేవాడిని ఏ ఆపరేటింగ్ సిస్టమూ ఆపలేదు.

రెండో లెక్క, ఫోన్‌కు ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయన్నది. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఆర్‌కు 2024 నాటి ఐఓఎస్ 18 కూడా అందింది. ఆండ్రాయిడ్‌లో ఇలాంటి హామీ ఆలస్యంగా వచ్చింది. 2023లో గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించారు. చవక ఫోన్లకు అంత కాలం రావు. పెట్టె మీద మెగాపిక్సెళ్లు చూసినంత శ్రద్ధగా ఈ సంఖ్య చూసేవారు తక్కువ. నాలుగైదేళ్లు వాడాలనుకునేవారు మాత్రం అడిగి తెలుసుకోవాలి.

తెలుగు విషయంలో ఆండ్రాయిడ్ చాలాకాలం ముందుంది. 2014 నాటి లాలీపాప్ వెర్షన్‌లోనే మెనూలు తెలుగులోకి వచ్చాయి. 2017లో గూగుల్ తెలుగు వాయిస్ టైపింగ్ తెచ్చింది. టైపింగ్ రానివారు కూడా నోటితో చెప్పి కబురు పంపే వీలు దానితో కలిగింది. ఐఫోన్ మెనూలు తెలుగులో కనిపించడం 2025లో ఐఓఎస్ 18.4తో గాని మొదలవలేదు. అంతకుముందు, 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ సంయుక్తాక్షరం ఒక ప్రత్యేకమైన కోడ్ వరసలో సందేశంగా వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి. యాపిల్ కొద్ది రోజుల్లోనే దాన్ని సరిచేసింది. ఇప్పుడు భాష ఒక్కదాన్ని చూసి ఐఫోన్‌ను కాదనుకోనక్కర్లేదు. పాత ఐఫోన్ తీసుకుంటుంటే మాత్రం దానిలో ఏ వెర్షన్ ఉందో చూసుకోవాలి.

పెద్దవాళ్ల ఫోన్ దగ్గర సాంకేతిక లెక్కల కన్నా ఇంటి లెక్కలే ముఖ్యం. పక్కనుండి నేర్పే మనిషి ఏ ఫోన్ వాడుతున్నారో అదే కొనడం మేలు. అమెరికాలో కొడుకు కొత్త ఐఫోన్ కొనుక్కుని పాతది అమ్మానాన్నలకు పంపడం తెలుగు ఇళ్లలో మామూలే. ఫోన్ మంచిదే, కానీ అందులోని యాపిల్ ఖాతా ఇంకా కొడుకు పేరనే ఉంటుంది. ఇక్కడ పొద్దున పదింటికి ఫోన్ కోడ్ అడిగితే, ఆ కోడ్ అక్కడ రాత్రివేళ నిద్రపోతున్న కొడుకు ఫోన్‌కు వెళ్తుంది. పంపేముందే తన ఖాతాను తీసేసి, తల్లి లేదా తండ్రి నంబరుతో కొత్తది తెరిస్తే ఈ తిప్పలుండవు. చూపు, వేలి పట్టు తగ్గినవారికి సామ్‌సంగ్‌లో ఈజీ మోడ్, ఐఫోన్‌లో 2023 నుంచి అసిస్టివ్ యాక్సెస్ ఉన్నాయి. రెండూ తెర మీది బొమ్మలను పెద్దవి చేస్తాయి. చూపు లేనివారికి తెర చదివి వినిపించే ఏర్పాట్లు ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ఓవర్. ఇవి మాత్రం తెలుగు గొంతుతో స్వయంగా విని చూశాకే కొనాలి.

ఖర్చు దగ్గర ఆండ్రాయిడ్‌కే మొగ్గు. పదివేల లోపు కూడా కొత్త ఫోన్ దొరుకుతుంది, చాలా చవక మోడళ్లలో మెమరీ కార్డుకు చోటుంటుంది. ఐఫోన్‌లో కార్డు పెట్టే వీలు లేదు కాబట్టి స్టోరేజ్ కొనేటప్పుడే ఎక్కువ తీసుకోవాలి. ఊళ్లో సెల్ షాపువాళ్లు ఏ ఫోన్‌కు తెర మార్చగలరో కూడా ముందే కనుక్కోవడం మంచిది.

కాల్స్ తప్ప మరేమీ అక్కర్లేనివారికి బటన్ ఫోన్ ఇప్పటికీ సరైన జవాబే. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే వల్ల ఇంటర్నెట్ లేకుండా కూడా డబ్బు పంపవచ్చు.

ఆండ్రాయిడ్, ఐఫోన్‌లలో ఒకదాని నుంచి మరోదానికి మారేవారికి ఫోటోలు, కాంటాక్టులు సులువుగానే వస్తాయి. డబ్బు పెట్టి కొన్న యాప్‌లు రావు. వాట్సాప్ సంభాషణలకు చిక్కు ఎక్కువ. ఆండ్రాయిడ్ బ్యాకప్ గూగుల్ ఖాతాలో, ఐఫోన్ బ్యాకప్ ఐక్లౌడ్‌లో ఉంటాయి. ఒకదానిది మరొకటి తెరవదు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, అదే నంబరుతో నేరుగా బదిలీ చేయాలి. అదీ కొత్త ఫోన్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడే చేసుకోవడం మంచిది. అవన్నీ చేరాయని చూసుకున్నాకే పాత ఫోన్‌ను రీసెట్ చేయాలి, ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వాలి.