డాబా మీద సోలార్: సంతకం పెట్టే ముందు బిల్లు లెక్క చూడండి

"మీది డాబా ఇల్లే కదా, సోలార్ పెట్టించుకోండి. కేంద్రం 78 వేలు ఇస్తుంది, ఇక కరెంటు బిల్లే రాదు" అంటూ ఊళ్లలో తిరిగే ఏజెంట్లు ఎక్కువయ్యారు. ఆ మాటలో అబద్ధం లేదు. కాని అది ప్రతి ఇంటికీ సరిపోయే మాట కాదు. అప్పు చేసి పెట్టించుకునే రైతు అయితే సంతకం కన్నా ముందు ఏడాది కరెంటు బిల్లులు తీసి దగ్గర పెట్టుకోవాలి.

ఈ పథకం పేరు ప్రధానమంత్రి సూర్యఘర్. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్లు లక్ష్యం, గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం. ఒక కిలోవాట్ యూనిట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేల రూపాయలు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. అంతకు మించి ఎంత పెద్దది పెట్టినా 78 వేలే. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కిలోవాట్‌కు 10 వేల చొప్పున, 2 కిలోవాట్ల దాకా మరో 20 వేలు కలుపుతుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల యూనిట్ ఉచితంగా బిగించే ఏర్పాటు ఉంది. కనుక ఆ కుటుంబాల వారు ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకుండా ముందు కరెంటు సెక్షన్ ఆఫీసులో అడగాలి.

బావి మోటారుకు వచ్చే ఉచిత కరెంటుకూ దీనికీ సంబంధం లేదు. ఇది ఇంటి మీటరుకు మాత్రమే. పొలం మోటారుకు సోలార్ కావాలంటే అది కుసుమ్ అనే వేరే పథకం.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తాయి. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లకు 1.90, ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75. అంటే తక్కువ వాడే ఇంటికి కరెంటు చవక, వాడకం పెరిగేకొద్దీ మోత.

నెలకు 60 యూనిట్లు కాల్చే ఇల్లు అనుకోండి. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ. కరెంటు చార్జీ 147 రూపాయలు, ఏడాదికి 1,764. ఒక కిలోవాట్‌కు 65 వేలు చెప్పారనుకుంటే సబ్సిడీ పోను చేతి నుంచి 35 వేలు. ఆ డబ్బు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు! ఇలాంటి ఇంటికి అప్పు చేసి సోలార్ వద్దనే చెబుతాను. ఆ 35 వేలతో పాడి గేదెకు అడ్వాన్సు ఇచ్చుకోవచ్చు.

అదే ఫ్రిజ్జు, ఇంటి నీళ్ల మోటారు, ఎండాకాలం కూలరు ఉండి నెలకు 200 యూనిట్లు తిరిగే ఇల్లయితే చార్జీ 867, ఏడాదికి 10,404 రూపాయలు. 2 కిలోవాట్లకు లక్షా 30 వేలు అడిగితే సబ్సిడీ పోను 70 వేలు. ఏడేళ్లలోపే తిరిగి వస్తుంది. బీసీ కుటుంబమైతే 50 వేలే, ఐదేళ్లలోపు. పలకలకు 25 ఏళ్ల వారంటీ ఇస్తారు కనుక తర్వాతదంతా మిగులే. పై ధరలు లెక్క కోసం వేసుకున్నవి. మీకు చెప్పిన ధర పెట్టి మీరే వేసి చూసుకోండి. మిగులు కరెంటు అమ్మి సంపాదిద్దామని అవసరానికి మించి పెట్టడం మాత్రం గిట్టుబాటు వ్యవహారం కాదు.

అసలు చిక్కు ఇంకొకటి. సబ్సిడీ ముందు రాదు. పలకలు బిగించి, నెట్ మీటరు పెట్టి, అధికారులు చూసి నివేదిక ఇచ్చాకే మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం సొమ్ము మీరే కట్టాలి, లేదా అప్పు తీసుకోవాలి. 3 కిలోవాట్ల దాకా హామీ లేకుండా 2 లక్షల వరకు బ్యాంకులు తక్కువ వడ్డీకి ఇస్తున్నాయి. సబ్సిడీ పడగానే దాన్ని అప్పుకే జమ చేయించాలి. పెళ్లికో, ఎరువులకో వాడితే నెల కిస్తీ కరెంటు బిల్లును మించి కూర్చుంటుంది. "సబ్సిడీ మా ఖాతాలో వేయించుకుంటాం, మీరు మిగతాది ఇస్తే చాలు" అనే వారి దగ్గర జాగ్రత్త.

మన పల్లెల్లో ఎక్కువ మంది ఆగిపోయేది మీటరు పేరు దగ్గర. ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నా మీటరు ఇంకా చనిపోయిన నాన్న పేరునో తాత పేరునో ఉంటుంది. దరఖాస్తు, బ్యాంకు ఖాతా, మీటరు పేరు ఒకటి కాకపోతే డబ్బు పడదు. మరణ ధ్రువపత్రం, ఇంటి కాగితాలు పట్టుకుని ముందు పేరు మార్పించుకోండి. డాబా ఉమ్మడిదైతే పలకలు పెట్టే చోటు గురించి అన్నదమ్ముల మధ్య కాగితం రాసుకోవడం మేలు. తర్వాత ఒకరు పైన గది కడతానంటే తగవు.

కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు, అంటే ఐదారు నులక మంచాలు పట్టేంత జాగా కావాలి. కొబ్బరి, వేప నీడ పడకూడదు. మిరపకాయలు, వేరుశనగ ఆరబోసే డాబా అయితే పలకలను ఎత్తు స్టాండు మీద పెట్టమనండి, కింద జాగా మిగులుతుంది. పెంకుటిల్లు, పాత సిమెంటు రేకుల ఇల్లు అయితే బరువు ఆగుతుందో లేదో మేస్త్రీకి చూపించాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లో ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో సర్వీసు నంబరుతో చేసుకోవాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉంటే వారే చేసేస్తారు. బిగించేవారు అందులో నమోదైన వారై ఉండాలి, పలకలు మన దేశంలో తయారైనవే కావాలి. లేకుంటే సబ్సిడీ రాదు. ఐదేళ్లు మరమ్మతు చూసే బాధ్యత బిగించినవారిదే, ఆ ముక్క ఒప్పందంలో రాయించుకోండి.

పలకలు ఉన్నా ఊళ్లో కరెంటు పోతే మీ ఇంట్లోనూ పోతుంది. లైను మీద పనిచేసే వారికి ప్రమాదం లేకుండా యూనిట్ తనంతట తానే ఆగిపోతుంది. కోతల వేళ కూడా వెలగాలంటే బ్యాటరీ కావాలి. దానికి సబ్సిడీ లేదు.