ఆక్సిజను సెన్సారు – దోషనిర్ణయము

కట్టెలపొయ్యిమీద వంట చేసిన చేతులకు గాలి విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. పుల్లలు కిక్కిరిసి గాలి యాడనిచో నల్లని పొగ లేచి కండ్లు మండును. ఊదుగొట్టముతో నాలుగుసార్లు ఊదినంతనే మంట తేటపడును. బెల్లము వండుచోట పొయ్యిలోనికి చెఱకుపిప్పి త్రోయువాడు మంటను చూచుటకంటె పొగగొట్టమునే యెక్కువ చూచును. పొగ నలుపెక్కినచో పిప్పి యెక్కువైనదనియు గాలి చాలలేదనియు వానికి తెలియును. మోటారుకారులో నిదే పని చేయు చిన్న వస్తువొకటి కలదు. దానినే ఆక్సిజను సెన్సారందురు. దానిని గూర్చి మేము వ్రాయబూనుటకు కారణము, అది చెడిపోయినదని యొరులు చెప్పగా నమ్మి, చెడిపోని వస్తువునకు బదులు వస్తువు కొని 4,200 రూపాయలు పోగొట్టుకొనుటయే.

మేము నిజామాబాదులో కాపురముండి బోధనులోని యొక పాఠశాలలో పని చేయుచున్నాము. సారంగాపూరు, జానకంపేట, ఎడపల్లి మీదుగా రానుపోను 50 కిలోమీటర్ల దారి. బస్సులు లేకపోలేదు గాని, సాయంకాలము అత్తగారి మందువేళకు ఇల్లు చేరవలెనన్న కారే గతి. గడచిన చెఱకుకోతల కాలమున ఒకనాటి యుదయము కారు స్టార్టు చేయగనే ముందరి పలకలో పసుపుపచ్చని ఇంజను బొమ్మ వెలిగి మరి యారలేదు. కారు నడకలో భేదమేమియు కానరాలేదు. పెట్రోలు ఖర్చు మాత్రము పెరిగినదని పది దినములకు మా పద్దుపుస్తకము చెప్పెను.

ఇంటిలో తలకొక మాట. “చెఱకుసారా కలిపిన పెట్రోలు మహిమ, వదినా!” అని మా మరిది నవ్వెను. ఒక మరమ్మతుశాలకు తీసికొనిపోతిమి. వారు చిన్న యంత్రమును తగిలించి, అరనిముసము చూచి, “ఆక్సిజను సెన్సారు పోయినది” అని తీర్పు చెప్పి, కొత్తది బిగించి పంపిరి. దీపమారినది. మూడవనాడు మరల వెలిగినది. మరల పోగా, ఈసారి కాటలిటిక్ కన్వర్టరు పోయి యుండుననియు, దానికి పదివేలు కాదు, అంతకు మూడింతలైనను కావచ్చుననియు చెప్పిరి. అంత సొమ్ము మా చేత లేదు. అదియే మా యదృష్టము.

ఇంతకు నీ సెన్సారు చేయు పని యేమి? ఒక కిలో పెట్రోలు మిగులు తగులు లేక కాలుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. గాలి తగ్గినచో పెట్రోలు సగము కాలి పొగగొట్టమున బోవును. పెట్రోలు తగ్గినచో ఇంజను వేడెక్కి తడబడును. ఈ పాలు తప్పకుండ చూచుటకు ఇంజను దాటగనే పొగగొట్టములో నీ సెన్సారును బిగింతురు. దాని కొనయందు జిర్కోనియా యను పింగాణివంటి పదార్థము కలదు. ఒకవైపు పొగ, ఒకవైపు బయటిగాలి. రెంటిలోని ఆక్సిజనుకు భేదమున్నకొలది దానిలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. పెట్రోలు హెచ్చైనచో 0.8 లేక 0.9 వోల్టు, గాలి హెచ్చైనచో 0.1 వోల్టు దరిదాపు. ఈ వార్త విని కారులోని కంప్యూటరు క్షణక్షణము పెట్రోలును తగ్గించుచు పెంచుచు నుండును. ఇటీవలి కొన్ని కార్లలో వేఱు జాతి సెన్సారు లున్నవి, వాని కొలతలు వేఱు; పని మాత్ర మిదియే.

జర్మనీ దేశపు బాష్ కంపెనీవారు దీనిని చేయగా, 1976లో స్వీడను దేశపు వోల్వో కార్లలో మొదట అమర్చిరి. మన దేశమున నిది వ్యాపించుట పెట్రోలునుండి సీసము తొలగిన పిమ్మటనే. సీసము తగిలినచో సెన్సారును, దాని వెనుకనున్న కాటలిటిక్ కన్వర్టరును రెండును పాడగును. 1995లో నాలుగు మహానగరములలో కొత్త కార్లకు కన్వర్టరు తప్పనిసరియై, సీసము లేని పెట్రోలు వచ్చెను. 2000 సంవత్సరము ఫిబ్రవరి నాటికి దేశమంతటను సీసపు పెట్రోలు నిలిచిపోయెను. ఆ కన్వర్టరులో ప్లాటినము, పల్లేడియము, రోడియము అను విలువగల లోహములుండును. నగల యంగడిలో ప్లాటినము వెల యడిగిన సోదరీమణులకు కన్వర్టరు వెల యేల యంతయో విడమరచి చెప్పనేల? కాలని పెట్రోలు చాలదినములు దానిమీదికి పోయినచో అదియు కాలి చెడును. కనుక పసుపుదీపమును చూచి చూడనట్లుండుట తగదు. అది వెలుగుచు నారుచు మినుకుమినుకుమన్నచో మఱియు ప్రమాదము. ఇంజనులో నిప్పంటుకొనక పెట్రోలు పచ్చిగా పోవుచున్నదన్నమాట. అప్పుడు కారు నాపి మెకానికును పిలువవలయును.

సెన్సారుకు మఱియొక స్వభావము కలదు. సుమారు 300 డిగ్రీల వేడి యెక్కినగాని యది పలుకదు. చలిపొద్దున పొగ వేడికి అది కాగువఱకు ఆగుట యెట్లని, దాని కడుపులోనే చిన్న విద్యుత్ హీటరును పెట్టుదురు. నాలుగు తీగల సెన్సారులో రెండు తీగలు వార్త మోయునవి, రెండు ఈ హీటరువి. మా కథ యంతయు ఈ రెండు తీగలలో నున్నది.

రెండవమారు తీర్పు విన్నపిమ్మట మేము వారిని, “మీ యంత్రములో కనబడిన సంఖ్య యేది?” అని యడిగి, పాలలెక్క వ్రాయు పుస్తకములో వ్రాసికొంటిమి. పి0135. ఈ యొక్క పని మొదటినాడే చేసియుండవలసినది. 2013 తరువాతి కార్లలో చక్రము క్రింద మోకాళ్లదగ్గఱ నుండు గూటికి యంత్రమును తగిలించినచో ఇట్టి సంఖ్యలు పలుకును. వాని అర్థము లోకమంతట నొక్కటే. పి0135 అనగా ముందరి సెన్సారు హీటరు దారిలో దోషము. దారిలో ననుమాట గమనింపుడు. సెన్సారు చచ్చినదని దాని యర్థము కాదు. హీటరు కాలిపోయినను, ఫ్యూజు పోయినను, తీగ తెగినను అదే సంఖ్య వచ్చును. ఇంటిలో బల్బు వెలుగనిచో బల్బు మార్చుటకు ముందు వీధిలో కరెంటున్నదా యని చూడమా!

మా మరిది వేళాకోళమునకును ఈ సంఖ్యయే జవాబు. చెఱకు మడ్డినుండి తీయు సారాయమునందు బరువులో మూడవవంతు మించి ఆక్సిజనే యున్నది. అందుచే నూటికి ఇరువది పాళ్లు అది కలిసిన పెట్రోలునకు గాలి కొంత తక్కువ చాలును. సెన్సారు పొగలో ఆక్సిజను హెచ్చైనదని చెప్పును, కంప్యూటరు పెట్రోలును కొంచెము పెంచును. ఆ పెంచుట దాని హద్దు దాటినచో పి0171 అను వేఱు సంఖ్య వచ్చును. హీటరు సంఖ్య రాదు. సారాయమునకు పెట్రోలుకంటె శక్తి తక్కువ గనుక మైలేజి కొంత తగ్గుట నిజమే. కాని దీపము వెలిగిన ప్రతి కారునకు దానినే దోషిగ నిలుపుట న్యాయము కాదు. అదియును బోధనువారు ఆ నింద వేయుట మఱీ విడ్డూరము. 1937లో మొదలై ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ యీ యూరిదే గదా. పెట్రోలులో సారాయము కలుపు నాలోచన నేటిదియు కాదు. దానికై 1948లోనే ఢిల్లీలో చట్టము చేసిరి. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడుటయు, షక్కర్‌నగరులో దాని పొగగొట్టము చల్లారుటయు ప్రతిదినము ఆ దారిని పోవు మాకు కంట బడుచునే యున్నది.

ఆ షక్కర్‌నగరు దాపుననే, బోర్డు సైతము లేని యొక రేకుల షెడ్డులో పనిచేయు మెకానికునొద్దకు మా తోడి యుపాధ్యాయిని పంపినది. ఆయన యంత్రమును తీయలేదు. మొదట మూత యెత్తి ఫ్యూజుల పెట్టె చూచెను, ఫ్యూజు బాగున్నది. ఇంజను చల్లారినదాక కూర్చుండబెట్టి, సెన్సారు తీగల ముడిని ఊడదీసి, ఒకే రంగు గల రెండు తీగల కొనలమీద మీటరు పుల్లల నుంచెను. 6 ఓములు. “హీటరు మంచిగనే ఉన్నది అక్కా” అనెను. పిమ్మట తాళము త్రిప్పుమని, ఇంజను వైపునుండి వచ్చు ముడిలో వోల్టేజి చూచెను. అక్కడ 12 వోల్టులుండవలెను, సున్న. “గిది సెన్సారు తప్పు గాదు. దీనికి కరెంటే వస్తలేదు. ఎన్ని కొత్తవి పెట్టినా గింతే.”

తీగను వేలితో తడవుచు వెనుకకు పోగా, జానెడు దూరమున, ఇనుపరేకు చాటున దొరికినది. ఎలుక కొఱికిన తీగ! లోని రాగి తళతళలాడుచు రెండుగా తెగియున్నది. బడి ప్రహరి ప్రక్కనే చెఱకుతోట. కోత పడగనే తోటలోని యెలుకలు దిక్కుతోచక పరుగెత్తును. ఉదయము వచ్చి నిలిచిన కారు ఇంజను వాటికి వెచ్చని గూడు. ఎన్నడును మేము మూత యెత్తి చూచినవారము కాము.

తెగిన కొనలను సీసముతో అతికి, వేడికి ముడుచుకొను గొట్టమును తొడిగి, పొగగొట్టమునకు తగులకుండ దూరముగ కట్టి, సంఖ్యను చెరిపి, 350 రూపాయలు పుచ్చుకొనెను. మొదటివారు మార్చిన పాత సెన్సారును మేము అడిగి తెచ్చికొని యుంటిమి గనుక దానిని గూడ కొలిపించితిమి. 5 ఓములు, చెక్కుచెదరలేదు. మరి మొదట దీపమేల ఆరినది? వారు యంత్రముతో సంఖ్యను తుడిచినందున. ఇట్టి తప్పు వరుసగా రెండు ప్రయాణములలో కనబడినగాని కంప్యూటరు మరల దీపము వెలిగింపదు. ఆ రెండు దినముల గడువునే మేము మరమ్మతని భ్రమసితిమి.

నిజముగ సెన్సారే చెడుటయు కలదు. హీటరు గలది సామాన్యముగ లక్ష కిలోమీటర్లు, ఒక్కొక్కప్పుడు లక్షన్నర దాక మన్నును. ముసలిదైనచో వార్త మెల్లగ చెప్పును. పి0133 అను సంఖ్య వచ్చును. మంచి సెన్సారు వోల్టేజి ఇంజను వేడెక్కిన పిమ్మట ఎగుచు దిగుచు నుండును. ఒకేచోట నిలిచిపోయినచో అనుమానింపవలెను. అప్పుడును వెంటనే తీర్పు తగదు. సెన్సారుకు ముందు పొగగొట్టము అతుకులో బీట యున్నచో బయటిగాలి లోనికి దూరి, మంచి సెన్సారుచేతనే అబద్ధము చెప్పించును. ఊడదీసినప్పుడు కొన రంగును చూడవలెను. లాంతరు చిమ్నీవలె మసి పట్టినచో పెట్రోలు హెచ్చు. తెల్లని పొడి పేరినచో అతుకులకు రాయు సిలికాను జిగురో, రేడియేటరు నీరో లోనికి చేరినదన్నమాట. ఆ మూలము మాన్పక కొత్తది పెట్టిన అదియు నట్లే యగును.

మార్చునప్పుడు ఇంజను గోరువెచ్చగా నుండవలెను. నిండువేడిలో చేయి కాలును, పూర్తిగ చల్లారినచో మర పట్టివేసికొనును. తీగ దూరుటకు సందు గల ప్రత్యేకపు స్పానరు 22 మిల్లీమీటర్లది కావలెను. మరకు రాయు లేపనము మరకే గాని కొనకు తగులరాదు. కొనను పెట్రోలుతో కడిగి వాడుకొనవచ్చునను మాటను వినకుడు. కారు సంఖ్యను, తయారైన సంవత్సరమును చెప్పి దానికి తగినదే కొనవలెను. తీగలు నఱికి అతుకు చౌకరకము లంగళ్లలో నున్నవి, వానిచే మఱియొక తిప్పట.

ఇంకొక్క మాట, ఇది ఖర్చునకు సంబంధించినది కాదు. హీటరు పనిచేయని మా కారు ప్రతియుదయము కొంతసేపు అంచనామీద పెట్రోలు పోసికొనుచు, కార్బను మోనాక్సైడును హెచ్చుగ విడుచుచుండెను. దానికి రంగు లేదు, వాసన లేదు. అత్తగారు పండుకొను గది కిటికీ సరిగా పోర్టికో వైపునకే తెరచుకొనును. మేము చలికాలమున కారును అయిదునిముసములు అక్కడనే వేడెక్కనిచ్చువారము. బాగైన కారునకైనను ఆ యలవాటు కూడదని తెలిసి, ఇప్పుడు గేటు బయటికి తీసినపిమ్మటనే స్టార్టు చేయుచున్నాము. బడివద్ద తోటగట్టు ప్రక్కన గాక ధ్వజస్తంభమువైపు నిలుపుచున్నాము. ప్రతి సోమవారము మూత యెత్తి చూచుచున్నాము. పోయిన వారము రెండు చెఱకాకులును, కొన్ని యెలుక పెంటికలును కనబడినవి. తీగలు మాత్రము భద్రముగ నున్నవి.