చెప్పుల దుకాణదారు చేతిలో పుట్టిన బుల్లి రాకెట్టు
మందు కూరే పని కంపెనీది... ఎగరేసే సరదా పిల్లలది!

సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం ప్రాంతాల ప్రజలకు రాకెట్టు కొత్త కాదు. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఎగిరింది మొదలు, ఒకనాటి నెల్లూరు జిల్లాలోని, నేటి తిరుపతి జిల్లాలోని ఈ పల్లెలు ఆకాశంలో పొగచారలు చూస్తూనే ఉన్నాయి. ప్రయోగం ఉందంటే పిల్లా పెద్దా మిద్దెలెక్కుతారు. పెద్దలు చూసి దిగివస్తారు. పిల్లల సంగతి అలా కాదు. చూసింది తామూ చేయాలనుకుంటారు. తారాజువ్వలు విప్పి మందు పోగుచేసి, దొరికిన గొట్టంలో కూరి వత్తి పెట్టే గడుగ్గాయిలు ప్రతి ఊరిలోనూ ఉంటారు. దీపావళి వచ్చిందంటే తల్లిదండ్రుల గుండెల్లో దడ అందుకే.

సరిగ్గా ఈ బెడదే 1957లో అమెరికాను పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్‌ను ప్రయోగించారు. అమెరికా కుర్రకారుకు రాకెట్ల పిచ్చి పట్టింది. ఇంటి వెనుక షెడ్లలో, వంటింట్లో ఇనుప గొట్టాలకు మందు దట్టించారు. గొట్టం పగిలితే ముక్కలు తూటాల్లా దూసుకుపోయేవి. వేళ్లు పోయినవారు, కళ్లు పోయినవారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారు. వద్దంటే వినే వయసు కాదు. అలాంటి సమయంలో ఇద్దరు ముగ్గురు సామాన్యులు కనిపెట్టిన ఉపాయం పిల్లలను కాపాడింది. అంతేకాదు, ఒక పల్లెటూరికి అన్నం పెట్టే పరిశ్రమగా మారింది. అదే బొమ్మ రాకెట్ల కిట్ల వ్యాపారం.

అన్నదమ్ముల ఆలోచన

నెబ్రాస్కా రాష్ట్రంలో నార్ఫోక్ అనే చిన్న పట్నం. అక్కడ ఆర్విల్ కార్లైల్‌కు చెప్పుల దుకాణం ఉండేది. ఆయనకు బాణసంచా తయారీ సరదా. సోదరుడు రాబర్ట్‌కు బొమ్మ విమానాల సరదా. రాకెట్ల గురించి చెప్పే ఉపన్యాసాల్లో చూపించడానికి నిజంగా ఎగిరే చిన్న రాకెట్టు కావాలని రాబర్ట్ అనుకున్నాడు. ఇద్దరి సరదాలూ కలిశాయి. 1954లో కాగితం గొట్టం, తేలిక కర్రతో రాకెట్టు తయారైంది. పైకి పోయి, చిన్న పారాచూట్ విప్పుకొని, చెక్కుచెదరకుండా దిగివచ్చింది. మందు నిండిన చిన్న గొట్టం ఒక్కటి మార్చితే మళ్లీ ఎగిరింది. దానికి ‘రాకాచూట్’ అని పేరు పెట్టారు. 1958లో పేటెంటు వచ్చింది.

తారాజువ్వ ఒకసారి కాలితే బూడిదే. ఇది అలా కాదు. పదిసార్లు ఎగరేసినా పదకొండోసారికి సిద్ధం. తర్వాత నడిచిన వ్యాపారమంతా ఈ ఒక్క తేడా మీదే నిలబడింది.

న్యూ మెక్సికో రాష్ట్రంలోని వైట్ శాండ్స్ రాకెట్ ప్రయోగ కేంద్రంలో హ్యారీ స్టైన్ అనే ఇంజనీరు పనిచేసేవారు. రాకెట్లతో కుర్రవాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారని ఆయనకు దిగులు. రాకెట్ల భద్రత గురించి 1957లో ఆయన ఒక పత్రికలో వ్యాసం రాశారు. అది చదివిన కార్లైల్ తన రాకెట్లు కొన్నిటిని ఆయనకు పంపారు. ఎగరేసి చూసిన స్టైన్‌కు దారి దొరికింది. పిల్లవాడి చేతికి మందు ఇవ్వకూడదు, కంపెనీలో కూరి మూసేసిన ఇంజను ఇవ్వాలి. మిగిలిన రాకెట్టంతా వాడే చేసుకోవాలి. ఇదీ ఆయన సూత్రం. ఆ ఏడాదే డెన్వర్ నగరంలో ‘మోడల్ మిసైల్స్’ అనే కంపెనీ పెట్టారు. ఔత్సాహికుల జాతీయ సంఘం కూడా అదే ఏడాది ఏర్పడింది.

‘మేబెల్’ వచ్చింది

సూత్రం బాగుంది గాని ఇంజన్లు ఎవరు చేయాలి? చేత్తో కూరితే ఒకటి ఒకలా, మరొకటి మరొకలా వస్తుంది. ఒకటి గట్టిగా తంతుంది, మరొకటి తుస్సుమంటుంది. పిల్లల వస్తువుకు ఆ తేడా పనికిరాదు. స్టైన్ డెన్వర్‌లోనే బాణసంచా వ్యాపారం చేసే కుటుంబాన్ని వెతికి పట్టుకున్నారు. ఆ ఇంటి అబ్బాయి వెర్న్ ఎస్టెస్ ఇంజన్లు చేసే యంత్రాన్నే తయారుచేస్తానని ముందుకు వచ్చాడు.

1959 జనవరిలో యంత్రం నడిచింది. దాని పేరు ‘మేబెల్’. మన పల్లెల్లో ఆవుకు, ఎద్దుకు పేరు పెట్టుకున్నట్టే, ఆయన యంత్రానికి ఆడమనిషి పేరు పెట్టుకున్నాడు. సుమారు ఐదున్నర సెకన్లకు ఒక ఇంజను చొప్పున అది తోసేసేది. అన్నీ ఒకే తూకం, ఒకే బలం. అయితే మేబెల్ చేసినన్ని ఇంజన్లు స్టైన్ కంపెనీ అమ్మలేకపోయింది. సరుకు మిగిలిపోతోంది. దాంతో ఎస్టెస్, ఆయన భార్య గ్లెడా కలిసి తామే కిట్లు కూడా చేసి టపాలో అమ్మడం మొదలుపెట్టారు. మొదటి కంపెనీ కొద్దికాలంలోనే మూతపడింది. రెండోది నిలబడింది.

మందుతో పని కనుక ఊరికి దూరంగా ఉండాలి. 1961లో ఎస్టెస్ దంపతులు అదే కొలరాడో రాష్ట్రంలోని పెన్రోజ్ అనే పల్లెకు మకాం మార్చారు. ఆపిల్ తోటలకు పేరున్న ఊరది. తోటలు, పొలాల మధ్య రాకెట్ల కార్ఖానా లేచింది. మందు పనిచేసే గదులు ఒకదానికొకటి దూరదూరంగా కట్టారు. ఒకచోట నిప్పు రేగినా రెండోచోటికి పాకకూడదు గదా! 1969లో ఈ కంపెనీని డేమన్ అనే పెద్ద సంస్థ కొనుక్కుంది. ఆ తర్వాతా చేతులు మారింది. అయినా ఎస్టెస్ పేరు మాత్రం పోలేదు.

అరచేతిలో ఇంజను

బాగా అమ్ముడుపోయే ఇంజను పొడవు 70 మిల్లీమీటర్లు, లావు 18 మిల్లీమీటర్లు. చూడటానికి సుద్దముక్క కంటే కాస్త లావు. బయట దళసరి కాగితపు గొట్టం. అడుగున బంకమన్నుతో చేసిన సన్నటి రంధ్రం. దానిపైన నల్లమందు, అంటే సూరేకారం, గంధకం, బొగ్గుపొడి కలిసినది. అది కాలినంతసేపూ రాకెట్టు పైకి పోతుంది. దానిపైన మెల్లగా కాలే మందు. అది కాలే కొద్ది సెకన్లలో రాకెట్టు ఊపు మీదే ఇంకా పైకి పోతుంది. అన్నిటికంటే పైన చిటికెడు మందు. అది భగ్గుమని పారాచూట్‌ను బయటికి తోస్తుంది.

ఇంజను మీద ‘ఎ8-3’ అని ఉంటుంది. ‘ఎ’ అంటే మొత్తం శక్తి ఎంతో చెప్పే తరగతి. ‘బి’కి దాని రెట్టింపు, ‘సి’కి మళ్లీ రెట్టింపు. 8 అంటే తోపు సగటున 8 న్యూటన్లు, ఇంచుమించు 800 గ్రాముల బరువును మోసేంత బలం. 3 అంటే మందు కాలిపోయాక పారాచూట్ తెరుచుకోవడానికి పట్టే సెకన్లు. ఇందులో తోసే మందు సుమారు 3 గ్రాములే. ఇనుము అన్నది ఎక్కడా లేదు. ఒకవేళ పగిలినా ఎగిరేది కాగితమే.

కొత్త కిట్టు ఎలా తయారవుతుంది?

ఈ వ్యాపారంలో ఒక కిటుకు ఉంది. టార్చిలైటు ఒకసారి కొంటాం, బ్యాటరీలు మాత్రం కొంటూనే ఉంటాం. ఇదీ అంతే. కిట్టు ఒకసారి అమ్ముడవుతుంది. ఇంజన్లు ఎగరేసినన్నాళ్లూ అమ్ముడవుతాయి. అయితే పిల్లవాడికి పాత రాకెట్టు మీద మోజు తీరిపోతే ఇంజన్లూ కొనడు. అందుకని కొత్త కొత్త కిట్లు వదులుతూనే ఉండాలి. రంగురంగుల బొమ్మలతో వచ్చే కొత్త కేటలాగు కోసం పిల్లలు ఎదురుచూసేవారు.

కొత్తది అనగానే అన్నీ కొత్తగా చేయరు. గొట్టాలు నాలుగైదు కొలతల్లోనే ఉంటాయి. ముక్కులూ అంతే. ఉన్న గొట్టాలు, ఉన్న ముక్కులతో కొత్త రూపం కల్పించడమే నేర్పు. రెక్కల ఆకారం మారుస్తారు, పొడవు మారుస్తారు, రంగు మారుస్తారు. దర్జీ అదే గుడ్డతో కొత్త మోస్తరు చొక్కా కుట్టినట్టు. రెక్కలకు వాడేది బాల్సా కర్ర. మన బూరుగు జాతికి చెందిన ఆ చెట్టు దక్షిణ అమెరికాలో పెరుగుతుంది. బెండులా తేలిక.

రూపం బాగుంటే చాలదు, తిన్నగా ఎగరాలి. బాణానికి తోక దగ్గర ఈకలు ఎందుకు కడతారో రాకెట్టుకు రెక్కలూ అందుకే. వేలి మీద నిలబెడితే రాకెట్టు సమంగా నిలిచే చోటు ఒకటి ఉంటుంది. గాలి దెబ్బ మొత్తం తగిలే చోటు మరొకటి. మొదటిది ముక్కు వైపు, రెండోది తోక వైపు ఉండాలి. తారుమారైతే రాకెట్టు గింగిరాలు కొట్టి జనం మీదికి వస్తుంది. ఇది చూడటానికి సులువైన పరీక్ష ఉంది. ఇంజను పెట్టిన రాకెట్టుకు సమంగా నిలిచే చోట దారం కట్టి తలచుట్టూ తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టుకొని తిరిగితే మంచిది. తోక ముందుకొస్తే ముక్కుకు బరువు పెంచాలి, లేదా రెక్కలు పెద్దవి చేయాలి. 1960లలో జేమ్స్ బారోమన్ అనే ఇంజనీరు దీనికి లెక్కలు కట్టి ఇచ్చారు. ఆ తర్వాత కాగితం మీదే చూసుకునే వీలు కలిగింది.

ఎస్టెస్ కంపెనీ మొదటి కిట్టు ‘స్కౌట్’. దానికి పారాచూట్ కూడా లేదు. పైకి పోయాక ఇంజను వెనక్కి జరుగుతుంది. బరువు తోక వైపు చేరడంతో రాకెట్టు దొర్లుకుంటూ మెల్లగా దిగుతుంది. ఖర్చు తక్కువ, కిటుకు ఎక్కువ! 1967లో వచ్చిన ‘ఆల్ఫా’ పొడవు అడుగు పైచిలుకు. సరైన ఇంజను పెడితే వెయ్యి అడుగుల దాకా పోతుంది. ఇప్పటికీ బడిపిల్లలు మొదట చేతబట్టేది అలాంటివే.

కిట్టులో అన్నిటికంటే కష్టమైనది చివరి కాగితం, అంటే ఎలా అతికించాలో చెప్పే కాగితం. తయారుచేసినవాడికి తెలిసినదంతా పదేళ్ల పిల్లవాడికి అర్థమయ్యేలా బొమ్మలతో చెప్పాలి. అక్కడ ఒక్క మాట తప్పితే రెక్క వంకరగా అంటుకుంటుంది. అందుకే సరుకు వదిలే ముందు ఏమీ తెలియనివారి చేత కట్టించి చూస్తారు.

నేడు అక్కడ ఇంటి గదిలోనే కిట్లు చేసి అమ్మే చిన్న వ్యాపారులు ఉన్నారు. రెక్కలు లేజరు యంత్రంతో కోస్తారు. కొద్ది కిట్లు మాత్రమే వదిలి, అవి అమ్ముడయ్యాక మళ్లీ చేస్తారు. వారు ఇంజన్ల జోలికి పోరు. లైసెన్సు ఉన్న కంపెనీ ఇంజను సరిపోయేలా తమ కిట్టు చేస్తారు. అట్టా, కర్రా, బుర్రా ఉంటే చాలు.

కట్టుబాట్లే పెట్టుబడి

ఈ ఆట ఇన్నేళ్లు నిలవడానికి కారణం దాని కట్టుబాట్లు. అగ్గిపుల్లతో వెలిగించరాదు, దూరం నుంచి బ్యాటరీ తీగతోనే వెలిగించాలి. చిన్న ఇంజనుకు 15 అడుగులు, పెద్దదానికి 30 అడుగుల దూరం. గాలి గంటకు 20 మైళ్లు దాటితే ఎగరేయరాదు. ముక్కుకు, గొట్టానికి, రెక్కలకు ఇనుము వాడరాదు. కరెంటు తీగ మీద పడితే దానికోసం ఎక్కరాదు. మీట నొక్కే ముందు అంకెలు పైనుంచి కిందికి లెక్కించాలి. ఒక పిల్లవాడి వేలు తెగిపడితే ఊరంతా ఆ సరుకు మానేస్తుందని వ్యాపారులకు తెలుసు. భద్రత వారికి ధర్మమే కాదు, బతుకుతెరువు కూడా.

మన దగ్గర సంగతి

మన దేశంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నిబంధనలు ఉన్నాయి. లైసెన్సు లేకుండా మందు తయారుచేయడం నేరం. కనుక ఇది చదివి ఎవరూ గొట్టంలో మందు కూరే పని పెట్టుకోరాదు. చదువుకున్న ఇంజనీర్లే అనుమతులు తీసుకొని చేసే పని అది. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్టును ఎగరేసింది. మన దేశంలో ప్రైవేటు సంస్థ చేసిన మొదటి రాకెట్టు అదే.

మరి మన పిల్లల సరదా తీరేదెట్లా? మందు లేని రాకెట్టు ఉంది. రెండు లీటర్ల కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, సైకిల్ ట్యూబు వాల్వు బిగించిన బిరడా పెట్టి, తలకిందులుగా నిలబెట్టి పంపుతో గాలి కొట్టాలి. బిరడా ఊడగానే నీళ్లు కిందికి, సీసా పైకి! శ్రీహరికోట రాకెట్టుకూ దీనికీ సూత్రం ఒక్కటే. గాజు సీసా, ఇనుప డబ్బా వాడరాదు. గాలి కొడుతూ సీసా మీదికి వంగరాదు. పెద్దవారు పక్కనే ఉండాలి.

ఇందులో మరో సంగతి ఆలోచించదగింది. అట్ట రెక్కలు, వాల్వు బిరడా, చిన్న కర్ర స్టాండు, తెలుగులో బొమ్మలతో రాసిన ఒక కాగితం కలిపితే అదీ కిట్టే. వడ్రంగి, సైకిల్ షాపు కుర్రవాడు, బడిలో సైన్సు మాస్టారు కలిస్తే చేయలేనిదేమీ కాదు. అయితే కార్లైల్, స్టైన్, ఎస్టెస్ నేర్పిన సూత్రం మరువరాదు. ప్రమాదం ఉన్న పని చేసేవాడు తన దగ్గరే ఉంచుకోవాలి. పిల్లల చేతికి సరదా మాత్రమే ఇవ్వాలి.

దీపావళికి ముందే బడుల్లో ఒక సాయంత్రం ఇలాంటి సీసా రాకెట్లు ఎగరేయిస్తే, గొట్టాల్లో మందు కూరే చేతులు కొన్నయినా ఇటు మళ్లుతాయి. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ దిశగా ఆలోచించడం మంచిది.