లాడ్‌బజార్ గాజులు, రంజాన్ లెక్కలు

మీకు తెలుసా? 2030లో రంజాన్ మాసం రెండుసార్లు మొదలవుతుంది, జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండరు కంటే దాదాపు 11 రోజులు చిన్నది. దసరా, దీపావళి తేదీలు కూడా ముందుకు జరుగుతాయి గానీ అధికమాసం వచ్చి వాటిని సర్దుతుంది. రంజాన్‌కు ఆ సర్దుబాటు లేదు, సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టి వస్తుంది.

మార్కెట్ రీసెర్చి కొత్తగా నేర్చుకునేవాళ్లు హైదరాబాద్ పాతబస్తీలో మొదట తడబడేది ఇక్కడే. అక్కడ రంజాన్ ఈద్ 2024లో ఏప్రిల్ 11న వచ్చింది, 2025లో మార్చి 31నే వచ్చేసింది. అంటే పండగ రద్దీ ఒక ఏడు ఏప్రిల్ పద్దులోకీ పడింది, మరో ఏడు మార్చిలోనే అయిపోయింది. ఏప్రిల్ పక్కన ఏప్రిల్ పెట్టి గ్రాఫు గీస్తే పత్తర్‌గట్టీ బట్టల వ్యాపారం కుప్పకూలినట్టే కనిపిస్తుంది. ఈద్‌కు ముందు 30 రోజులను ఈద్‌కు ముందు 30 రోజులతోనే పోల్చాలి. మామూలు స్ప్రెడ్‌షీటు తనంతట తాను ఈ పని చేసిపెట్టదు.

* * *

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజులు అమ్మే లాడ్‌బజార్‌లో సైజు అడిగితే ‘రెండు నాలుగు’, ‘రెండు ఆరు’, ‘రెండు పది’ అంటారు. మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. రెండు నాలుగు అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలన్నమాట.

ఇప్పుడు ఎక్సెల్ గడిలో 2-4 అని కొట్టి చూడండి. తేదీ అయిపోతుంది! పోనీ చుక్క పెట్టి 2.10 అని కొడితే 2.1గా మారి, వరుసలో పేర్చినప్పుడు పెద్ద గాజు 2.4 కంటే ముందుకొచ్చి కూర్చుంటుంది. సైజులన్నీ పదహారో వంతుల్లోకి మార్చుకుంటే గొడవ తీరిపోతుంది. 2-4 అంటే 36, 2-10 అంటే 42.

అలా మార్చాక అమ్ముడైన సైజుల సగటు తీస్తే 37 వచ్చిందనుకోండి. అది ‘రెండు అయిదు’. కొట్లో సాధారణంగా ఆ సైజే ఉండదు. పదో తరగతిలో చదివిన బాహుళకం, అంటే ఎక్కువసార్లు వచ్చిన విలువ, సరుకు తెప్పించేవాడికి అసలు పనికొచ్చేది. నా దృష్టిలో సగటుకూ బాహుళకానికీ తేడా చెప్పడానికి గాజుల కొట్టును మించిన తరగతి గది లేదు.

* * *

బజారంతా లెక్కపెట్టలేం, శాంపిల్ తీయాల్సిందే. ఆ శాంపిల్ నుంచి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికో హద్దుందని 1945లో, పాతికేళ్ల ప్రాయంలో నిరూపించినవారు ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన మన సి.ఆర్. రావు. ఆయన పేరుతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఒక పరిశోధన సంస్థ ఉంది. 2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ దక్కింది.

శాంపిల్ పెంచితే కచ్చితత్వం పెరుగుతుంది, నిజమే. తప్పు చోట తీసిన శాంపిల్‌ను మాత్రం ఎంత పెంచినా లాభం లేదు. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా సమాధానాలు పోగేసి, ఓడిపోయే అభ్యర్థే గెలుస్తాడని జోస్యం చెప్పింది. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల మీద ఎక్కువగా ఆధారపడటం, జవాబు పంపినవాళ్లనే లెక్కలోకి తీసుకోవడం దాని కొంప ముంచాయి.

ఆదివారం సాయంత్రం చార్మినార్ కింద నిలబడి వందమందిని అడిగినా అంతే, అందులో చాలామంది చూడటానికి వచ్చినవాళ్లే. ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటాం. గిన్నెంతా ఒకేలా ఉడికితేనే ఆ మాట చెల్లుతుంది. బజారు అలా ఉడకదు. పొద్దునా రాత్రీ, మామూలు రోజూ శుక్రవారపు జుమ్మా రోజూ వేర్వేరుగా పట్టి చూడాలి.

* * *

ఇక ధర సంగతి. బేరమాడే చోట ‘ఎంతయితే కొంటారు?’ అని అడగకూడదు. అడిగితే బేరంలో మొదట అనే ధరే చెబుతారు. కాస్త పక్కన నిలబడి మూడు అంకెలు రాసుకోవాలి: కొట్టతను చెప్పిన ధర, కొనేవాళ్లు అడిగిన ధర, చివరికి తెగిన ధర. వీటి పక్కనే కొనకుండా వెళ్లిపోయినవాళ్లకూ ఒక వరుస ఉండాలి. వాళ్లు ఏ బిల్లు పుస్తకంలోనూ దొరకరు. సైజు లేకా, రంగు నచ్చకా, ధర కుదరకా అని ఒక్క ముక్క రాసుకుంటే వచ్చే పండక్కి ఏ సరుకు తెప్పించాలో ఆ వరుసలోనే తేలుతుంది.