పలువురు దిద్దే పత్రంలో అంకె, ప్రమాణం, పట్టిక చెదరకుండా కాపాడుకోవడం

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏటా వెలువరించే వ్యవసాయ పంచాంగం ఒక్కరి చేతిలో తయారయ్యే గ్రంథం కాదు. పంటల యాజమాన్యం ఒక పరిశోధనా స్థానం నుండి, చీడపీడల భాగం కీటక, తెగుళ్ళ శాస్త్రవేత్తల నుండి, నేల పరీక్షల సమాచారం మరొక విభాగం నుండి వస్తాయి. సంకలనకర్త వీటన్నిటినీ ఒకే వర్డ్ ఫైలులో చేర్చి తిరిగి అందరికీ పంపుతారు. జిల్లా కార్యాచరణ ప్రణాళికలు, పథకాల తుది నివేదికలు, స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తాయి. నాలుగైదు కంప్యూటర్లు తిరిగి వచ్చేసరికి శీర్షికల పరిమాణం మారి, సంఖ్యాక్రమం తప్పి, పట్టికలు పేజీ దాటిపోయి ఉండడం అందరికీ అనుభవమే. దీనిని మనం అందచందాల సమస్యగా భావించి టైపింగ్ సిబ్బందికి వదిలివేస్తున్నాము. శాస్త్రీయ పత్రంలో ఫార్మాటింగ్ కొన్నిచోట్ల అలంకారం కాదు, దత్తాంశంలో భాగం. అక్కడ అది చెదిరితే సిఫార్సే మారిపోతుంది.

అర్థాన్ని మోసే ఫార్మాటింగ్

1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడి రూపంలోని రైజోబియం జీవన ఎరువులో గ్రాముకు కనీసం 5×10⁷ సజీవ కణాలు ఉండాలి. ఇందులోని 7ను చాలామంది సాధారణ అంకెగా టైపు చేసి, ఫార్మాటింగ్ ద్వారా పైకి ఎత్తుతారు. ఆ ఫార్మాటింగ్ తొలగిపోతే మిగిలేది 5×107. ఐదు కోట్లు కాస్తా 535 అవుతుంది. అక్షరక్రమ పరిశీలన దీనిని తప్పుగా చూపదు. విషయం తెలిసిన పాఠకుడు గుర్తిస్తాడు. తెలుసుకోవడానికే చదువుతున్న విద్యార్థి గుర్తించలేడు.

అంతకంటే ప్రమాదకరమైనది మైక్రో ప్రమాణాన్ని సూచించే గ్రీకు అక్షరం 'మ్యూ'. ఆంగ్ల 'ఎమ్' అక్షరాన్ని టైపు చేసి దానికి సింబల్ ఫాంట్ వర్తింపజేయడం పాత అలవాటు. అటువంటి ఫైలులో పాఠమంతటినీ ఎంపిక చేసి ఒకే ఫాంటులోకి మార్చినప్పుడు గాని, ఫార్మాటింగ్ లేని పాఠంగా మరొక పత్రంలో అతికించినప్పుడు గాని 'మ్యూ' తిరిగి 'ఎమ్'గా మారే అవకాశం ఉంది. అప్పుడు మైక్రోగ్రాము మిల్లీగ్రాము అవుతుంది, విలువ వెయ్యి రెట్లు పెరుగుతుంది.

వెయ్యి రెట్ల తేడా ఎవరి కంటికైనా ఆనుతుందన్న ధీమా సాగునీటి విద్యుద్వాహకత విషయంలో కొంతవరకు చెల్లుతుంది. సెంటీమీటరుకు 750 మైక్రోసీమెన్స్ ఉన్న నీరు 750 మిల్లీసీమెన్స్‌గా అచ్చయితే, సముద్రపు నీరే సుమారు 50 మిల్లీసీమెన్స్ అని తెలిసినవారు వెంటనే ఆగిపోతారు. కాని పటాన్‌చెరు ప్రాంతపు నీటి నమూనాలపై నివేదిక రాసేవారికి ఈ ధీమా పనికిరాదు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్, ఆయన సహ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం విడుదల చేసే నీటిని విశ్లేషించి, సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ప్రకటించారు. ఆ కేంద్రానికి అప్పట్లో సుమారు 90 ఔషధ తయారీ సంస్థల వ్యర్థజలం చేరేది. సాధారణ పట్టణ మురుగునీటిలో ఈ మందు మైక్రోగ్రాముల స్థాయిలోనో, అంతకంటే తక్కువగానో ఉంటుంది. ఆ పరిశోధన ప్రపంచ దృష్టిని ఆకర్షించడానికి కారణం ఈ ప్రమాణ భేదమే. నక్కవాగు పరీవాహక భూముల నేల, నీటి నమూనాల నివేదికలో 'మ్యూ' జారిపోయి మిల్లీగ్రాములు కనిపిస్తే, ఇక్కడి చరిత్ర తెలిసిన పాఠకుడు దానిని అచ్చుతప్పుగా అనుమానించడు, నమ్ముతాడు. మరొకసారి నిజంగానే మిల్లీగ్రాముల స్థాయిలో విలువ వస్తే, సంకలనకర్త అచ్చుతప్పుగా భావించి 'సరిదిద్దే' ప్రమాదమూ ఉంది.

పట్టికలది మరొక తీరు. మొక్కజొన్నలో కలుపు నివారణకు అట్రజిన్ 50 శాతం పొడి మందును ఎకరాకు తేలిక నేలల్లో 800 గ్రాములు, బరువు నేలల్లో 1200 గ్రాములు వాడాలన్నది సుపరిచితమైన సిఫార్సు. ఈ అంకెలను పట్టికలో కాక ట్యాబ్‌లతో, ఖాళీలతో జరిపి వరుసలుగా అమర్చినట్లయితే, ఫాంటు మారిన మరుక్షణం అవి పక్క శీర్షిక కిందకు జరుగుతాయి. బంకమన్ను, సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న తేలిక నేలలు మందును తక్కువగా పట్టి ఉంచుతాయి కనుకనే మోతాదు తగ్గించారు. ఆ నేలల్లో 1200 గ్రాములు వేసిన రైతుకు పంటపైనే దుష్ప్రభావం కనబడవచ్చు.

ఇక తెలుగు లిపికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 'పటాన్‌చెరు' అన్న మాటలో 'న్' పొల్లుకు, 'చె'కు మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని అక్షరం ఉంటుంది. అనవసర గుర్తులను ఏరివేసే ప్రయత్నంలో దీనిని తొలగిస్తే 'చ' ఒత్తుగా మారి 'పటాన్చెరు' అవుతుంది. చూపుకు తేడా స్వల్పమే. కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం ఈ రెంటినీ వేర్వేరు పదాలుగా లెక్కిస్తాయి గనుక వెతుకులాటలోను, విషయసూచికలోను సగం పుటలు జారిపోతాయి.

చెదరడానికి కారణాలు

వర్డ్‌లో రూపాన్ని రెండు విధాలుగా ఇవ్వవచ్చు. పాఠాన్ని ఎంపిక చేసి బొద్దు, పరిమాణం, రంగు నేరుగా మార్చడం ఒకటి. శీర్షిక, పేరా, పట్టిక పాఠం అంటూ పేరు గల స్టైల్‌ను వర్తింపజేయడం రెండవది. నేరుగా చేసిన మార్పునకు పత్రంలో ఆధారం ఏమీ ఉండదు. పేరాకు తర్వాత ఎవరైనా స్టైల్ వర్తింపజేసినప్పుడు, ఆ పేరాలో సగానికి మించిన భాగానికి నేరుగా ఇచ్చిన ఫార్మాటింగ్ ఉంటే వర్డ్ దానిని తొలగిస్తుంది. కీటకం శాస్త్రీయ నామం మాత్రమే ఉన్న పట్టిక గడిలో వాలు అక్షరాలు మాయం కావడానికి తరచుగా ఇదే కారణం.

రెండవ కారణం టెంప్లేట్. పత్రానికి టెంప్లేట్ స్టైల్స్‌ను తనంత తానుగా నవీకరించే ఎంపిక పెట్టి ఉంటే, ఫైలు తెరిచిన ప్రతి కంప్యూటర్ తన నార్మల్ టెంప్లేట్ ప్రకారం స్టైల్స్‌ను మార్చివేస్తుంది. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే పత్రం మారిందన్న ఫిర్యాదులలో కొన్నిటికి మూలం ఇది. స్టైల్‌లోనే ఉండే ఆటోమేటిక్ అప్‌డేట్ గుర్తు కూడా ఇటువంటిదే. ఒక పేరాను బొద్దు చేస్తే అదే స్టైల్ గల పేరాలన్నీ బొద్దు అవుతాయి.

పేరాకు సంబంధించిన రూపమంతా పేరా చివరి గుర్తులో దాగి ఉంటుంది. పుట కొలతలు, అడ్డం నిలువు అమరిక సెక్షన్ బ్రేక్‌లో ఉంటాయి. సెక్షన్ బ్రేక్‌ను చెరిపితే ముందున్న భాగం తర్వాతి భాగపు అమరికను స్వీకరిస్తుంది. అడ్డంగా పెట్టిన పెద్ద పట్టిక ఒక్కసారిగా నిలువు పుటలోకి కుదించుకుపోవడం ఇందువల్లనే. ఈ గుర్తులు కనబడేటట్లు పెట్టుకొని పనిచేయడం విద్యార్థులకు మొదట నేర్పవలసిన అలవాటు.

తెలుగు పత్రాలలో ఫాంటు సమస్య అదనం. వర్డ్ తెలుగును సంక్లిష్ట లిపిగా పరిగణించి, ఆంగ్ల అక్షరాలకు ఒక ఫాంటు, పరిమాణం, తెలుగుకు వేరొక ఫాంటు, పరిమాణం స్టైల్‌లో దాచుకుంటుంది. ఒకటి మార్చి రెండవది మరచిపోతే ఒకే వాక్యంలో అక్షరాలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. గౌతమి, వాణి, నిర్మల ఫాంట్ల అక్షరాల వెడల్పు ఒకటి కాదు గనుక విండోస్ రూపాంతరం మారితే పుటల సంఖ్య కూడా మారవచ్చు. అను వంటి యూనికోడేతర ఫాంట్లలో టైపు చేసిన భాగాలు కలిస్తే చిక్కు మరింత పెరుగుతుంది. అక్కడ ఫైలులో ఉన్నది రోమన్ సంకేతాలు, ఫాంటు వాటిని తెలుగుగా చూపుతుంది. పత్రమంతటికీ ఒకే ఫాంటు వేసినప్పుడు తెలుగు ఆంగ్ల గుర్తులుగానో, ఆంగ్లంలో ఉన్న రసాయన నామాలు అర్థంలేని తెలుగుగానో మారతాయి. యూనికోడ్ తొలి రూపాంతరంలోనే, 1991లో, తెలుగుకు స్థానం దక్కింది. ఇన్నేళ్ళ తర్వాత ఉమ్మడి పత్రానికి యూనికోడేతర పాఠాన్ని స్వీకరించవలసిన అవసరం లేదని ఈ రచయిత అభిప్రాయం.

రక్షణ ఎక్కడ ప్రారంభించాలి

అర్థాన్ని మోసే రూపాన్ని వీలైనంతవరకు అక్షరంగా మార్చడం మొదటి పని. 7ను పైకి ఎత్తడానికి బదులు యూనికోడ్‌లో ప్రత్యేక సంకేతం గల ⁷ను వాడితే, ఫార్మాటింగ్ మొత్తం తొలగించినా అది నిలుస్తుంది. 'మ్యూ'కు కూడా సొంత సంకేతం ఉంది, సింబల్ ఫాంటుతో పనిలేదు. రైతులకు ఉద్దేశించిన తెలుగు ప్రచురణలలో మైక్రోగ్రాము అని పూర్తిగా రాయడం మరింత క్షేమం. మోతాదులను ట్యాబ్‌లతో కాక నిజమైన పట్టికలో పెట్టాలి. శీర్షిక వరుస ప్రతి పుటపైనా పునరావృతమయ్యేటట్లు, ఒక వరుస రెండు పుటల మధ్య చీలకుండా అమర్చాలి. అన్నిటికంటే మేలు ప్రతి గడిలోను అంకె పక్కన ప్రమాణం రాయడం. పట్టిక ఇరుకుగా కనిపిస్తుందన్న అభ్యంతరానికి విలువ ఇవ్వనక్కరలేదు.

ఆ తర్వాతనే తాళం. వర్డ్‌లో రివ్యూ భాగంలోని రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ సదుపాయం ద్వారా ఫార్మాటింగ్‌ను ఎంపిక చేసిన స్టైల్స్‌కే పరిమితం చేయవచ్చు. అదే చోట దిద్దుబాట్లన్నీ ట్రాక్ చేంజెస్‌గా మాత్రమే నమోదయ్యేటట్లు నిర్బంధించవచ్చు. దీనిని అమలు చేసినప్పుడు బొద్దు, వాలు, ఎత్తు అక్షరాల మీటలు పనిచేయవు. అందువల్ల శాస్త్రీయ నామానికి, రసాయన సూత్రంలోని దిగువ అంకెకు, ఘాతాంకానికి ముందే అక్షర స్టైల్స్ తయారుచేసి అనుమతించిన జాబితాలో చేర్చాలి. ఈ ఏర్పాటు లేకుండా తాళం వేస్తే రచయితలు విసిగి, పాఠాన్ని కొత్త ఫైలులోకి నకలు చేసుకొని పని సాగిస్తారు. కంచె వేసీ ప్రయోజనం ఉండదు. పైగా ఈ సంకేతపదం భద్రతా కవచమేమీ కాదు, తెలిసినవారు దానిని తొలగించగలరు. పొరపాట్లను ఆపడమే దాని పని.

అతికించే విషయంలో 'కీప్ టెక్స్ట్ ఓన్లీ' పద్ధతిని అందరూ సూచిస్తారు. బయటి స్టైల్స్ చొరబడకుండా ఇది ఆపుతుంది, నిజమే. కాని ఘాతాంకాలను, వాలు అక్షరాలను చెరిపేది కూడా ఇదే. మూలపాఠంలో యూనికోడ్ ఘాతాంకాలు ఉన్నాయని నిర్ధారించుకున్న తర్వాతనే దీనిని వాడాలి. గూగుల్ డాక్స్‌లో అందరూ ఏకకాలంలో రాయగలగడం, పాత రూపాంతరాలు దొరకడం సౌకర్యమే. అయితే సొంత పేర్లతో స్టైల్స్ సృష్టించే వీలు అందులో లేదు. చిత్తుప్రతికి దానిని వాడి, తుది అమరికను వర్డ్‌లో గాని లిబ్రెఆఫీస్‌లో గాని చేయడం ఉత్తమం. వర్డ్‌లోని మాస్టర్ డాక్యుమెంట్ సదుపాయం ఫైళ్ళను పాడుచేస్తుందన్న అపకీర్తి పాతదే. అధ్యాయాలను విడి ఫైళ్ళుగా ఉంచి, ఒకే టెంప్లేట్‌తో నడిపి, చివర ఒకరు కలపడం సులభం.

ఆ ఒకరు ఎవరన్నది ముందే తేలాలి. పాశమైలారం, బొల్లారం ఔషధ పరిశ్రమల నుండి మనం గ్రహించదగిన పద్ధతి ఇక్కడ ఉంది. మందుల ఉత్పత్తిలో మూల బ్యాచ్ రికార్డు నియంత్రిత పత్రం. దానికి రూపాంతర సంఖ్య, ఆమోద సంతకాలు ఉంటాయి. మార్పు కావాలంటే కారణం రాసి అనుమతి పొందాలి. 1997లో అమెరికా ఎలక్ట్రానిక్ రికార్డులపై తెచ్చిన నిబంధనల తర్వాత ఆ దేశానికి మందులు పంపే సంస్థలలో కంప్యూటర్ పత్రాలకు కూడా ఈ క్రమశిక్షణ వచ్చింది. మాత్రలోని మందు మోతాదుకు ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు, ఎకరాకు వేసే మందు మోతాదును రాసే పత్రానికి కనీసం ఒక సంరక్షకుడు, ఒక రూపాంతర సంఖ్య ఉండాలనడం అత్యాశ కాదు.

సంకలనం ముగిశాక చేయవలసిన పరీక్ష పది నిమిషాల పని. ఫైండ్ సదుపాయంలో పాఠం ఏమీ ఇవ్వకుండా ఎత్తు అక్షరాల ఫార్మాటింగ్‌ను మాత్రమే వెతికితే వర్డ్ వాటి సంఖ్యను చెబుతుంది. రచయితలు పంపిన మూల ఫైళ్ళలోని మొత్తంతో అది సరిపోవాలి. 'మ్యూ' అక్షరాలను, యూనికోడ్ ఘాతాంకాలను కూడా ఇలాగే లెక్కించవచ్చు. సంఖ్య తగ్గినచోట కంపేర్ సదుపాయంతో రెండు రూపాంతరాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ముద్రణాలయంలో పాఠం మళ్ళీ యూనికోడ్ నుండి అను ఫాంటులోకి మారే సందర్భాలు ఇంకా ఉన్నాయి. అప్పటివరకు కాపాడిన ⁷, 'మ్యూ' ఆ మార్పిడిలో పోవచ్చు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ద్వారా యూనికోడ్ తెలుగును నేరుగా అమర్చవచ్చు గనుక ముద్రణ ఒప్పందంలోనే ఆ షరతు పెట్టడం మంచిది. వీలుకాని పక్షంలో, ఆమోదించిన పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకొని అచ్చుప్రతిలోని పట్టికలను ఆయా శాస్త్రవేత్తలే చదివి, పట్టిక పట్టికకు సంతకం చేసి పంపాలి.